మోత తగ్గే ఆయిల్

మెకానిక్ షెడ్డులో ఒక పాత లారీ. దాని పక్కన డ్రైవరు, అతని భార్య, మేస్త్రీ.

"అది కాదన్నా, ఇరవై రెండేళ్ళ ఇంజన్‌కి సింథటిక్ ఎందుకు? మామూలు ఆయిల్ పోసి పంపిస్తాను. ఎప్పుడూ పోసేదే కదా."

"మేస్త్రీ, పొయ్యమన్నది పొయ్యి. నాకు పాఠం చెప్పకు."

"పాఠం కాదన్నా. సింథటిక్ లోపలున్న మడ్డినంతా కడిగేస్తుంది. నీ బండి సీళ్ళు ఎప్పుడో ఎండి పగిలాయి. ఇప్పుడు ఆయిల్ కారకుండా ఆపుతున్నది ఆ మడ్డే. అది కాస్తా పోయిందనుకో, రోడ్డు పొడుగునా ముగ్గు పెట్టుకుంటూ పోతావు."

"కొత్త బళ్ళన్నిట్లో అదే పోస్తున్నారు."

"ఇది కొత్త బండా?"

"నీ కన్నా కొత్తదే."

"తమ్ముడూ, అసలు సంగతి నేను చెబుతాను. నెల రోజులుగా ఇంజన్‌లో టకటకా టకటకా ఒకటే మోత. క్లీనర్ మానేసిన దగ్గర్నించి పక్క సీట్లో కూర్చునేది నేనే కదా. పళ్ళు ఊడి ఒళ్ళో పడతాయేమో అన్నట్టుంది."

"మొదలుపెట్టింది."

"మోత తగ్గేదాకా బండి ఎక్కనన్నాను. దాంతో ఎవరో చెప్పారట, సింథటిక్ పోస్తే తగ్గుతుందని. వెంటనే బండిని ఇక్కడికి పట్టుకొచ్చారు."

"వదిన చెప్పేది నిజమే అన్నా. నువ్వు గేట్లోంచి వస్తుంటేనే విన్నాను. పైన వాల్వుల్ని కదిపే టాపెట్లు వదులయ్యాయి. అది ఆయిల్‌తో పోయే మోత కాదు. రెండు రోజులు బండి ఇక్కడ వదిలెయ్యి, పైభాగం విప్పి చూస్తాను."

"రెండు రోజులా! రేపు తెల్లారేసరికి లోడెక్కించాలి. కొండదారి, ఆరు గంటల ప్రయాణం. నువ్వేమో విప్పుతానంటావు."

"ఆ కొండదారిలోనే కదా పోయిన వారం బస్సువాడు మన అద్దం విరగ్గొట్టింది!"

"వాడు హారన్ కొట్టకుండా దూసుకొస్తే నేనేం చెయ్యను?"

"కొట్టాడు. మూడుసార్లు కొట్టాడు."

"నువ్వు నిద్రపోతున్నావు."

"నేనా? ఆ మోతలో నిద్రా?"

"చూశావా మేస్త్రీ, పెళ్ళయిన దగ్గర్నించి ఇదే వరస. నేను ఔనంటే తను కాదంటుంది."

"మధ్యలో నన్ను నలిపెయ్యకండి. అన్నా, ఫోను."

"ఆఁ?"

"ఫోను. నీ జేబులో మోగుతోంది."

"తెలుసు, తెలుసు. ఆ గోడౌన్ గుమాస్తా అయ్యుంటాడు. వాడితో మాట్లాడాలంటే విసుగు నాకు. ఇదిగో, నువ్వే మాట్లాడు."

"ఈ మధ్య ఎవరి ఫోను వచ్చినా నా చేతిలోనే పెడుతున్నారు. హలో... ఆఁ, చెప్పండి. ఆయన పనిలో ఉన్నారండీ. ఐదింటికా? కాస్త ఆలస్యమైతే... సరే, సరే. చెబుతాను."

"ఏమంటాడు?"

"ఐదింటికల్లా అక్కడ లేకపోతే ఇంకో లారీని పెట్టుకుంటారట. రేపొక్కరోజుకి కాదు. ఇక ఎప్పటికీ లోడు ఆ లారీకేనట."

"విన్నావుగా మేస్త్రీ? స్టీరింగ్ తప్ప ఇంకేదీ పట్టుకోవడం నాకు రాదు. ఈ రూటు చేజారిందంటే ఇంట్లో కూర్చుని ఈవిడ మొహం చూస్తూ ఉండాలి."

"అదృష్టం పట్టినట్టే."

"ఎవరికి?"

"ఎవరికో ఒకరికి."

"వదినా, కాస్త ఉండండి. అన్నా, మధ్యస్తంగా ఒక మాట చెప్పనా? రెండూ కలిపిన రకం ఒకటుంది. సగం అదీ సగం ఇదీ. మడ్డిని అంతగా కడిగెయ్యదు."

"సగాలూ పావులూ నాకొద్దు. పూర్తి సింథటిక్కే పొయ్యి. మోత తగ్గుతుంది, ఈవిడ ఎక్కుతుంది, నేను వెళ్తాను. అయిపోయింది."

"తగ్గకపోతే?"

"తగ్గకపోతే వెళ్ళను. బండి మేస్త్రీకి వదిలేస్తాను. చాలా?"

"మాట మీద నిలబడతారా?"

"నేను నిలబడతాను. నువ్వూ నిలబడు. తగ్గాక మళ్ళీ కొత్త పేచీ పెట్టకూడదు."

"పెట్టను. తగ్గితే నోరెత్తను."

"ఎంతసేపు మేస్త్రీ?"

"అరగంట. ఎదురుగా టీకొట్టుంది, ఆ మిగిలిన పోట్లాటేదో అక్కడ కానిచ్చి రండి."

అరగంట తర్వాత. అదే షెడ్డు.

"ఏడీ మేస్త్రీ? మనుషుల్ని నిలబెట్టి మాయమవడం వీళ్ళకి అలవాటే. మేస్త్రీ!"

"వస్తాడు. ఎందుకంత తొందర?"

"ట్రే కింద పెట్టాడు. డబ్బాలు ఆ మూలనున్నాయి. పని అయిపోయినట్టే. జరుగు, ఎక్కనీ."

"అతన్ని రానివ్వండి."

"స్టార్ట్ చేసి చూస్తే నీ సొమ్మేం పోయింది? ఉండు... ఆఁ! అదీ! విను, విను! పిల్లి నడిచినట్టు లేదూ?"

"ఏవండీ!"

"చెవులు మూసుకుంటావేంటే? ఓడిపోయానని ఒప్పుకోలేక నాటకాలా? బండి గుసగుసలాడుతుంటే! అదిగో, మేస్త్రీ కూడా పరిగెత్తుకొస్తున్నాడు. ఏమయ్యా, ముగ్గు పెడతానన్నావు, చుక్క కూడా కారలేదు! మోతా లేదు! రేపు ఐదింటికి వెళ్తున్నాం!"

"ఆపన్నా! ఇంజన్ ఆపు!"

"ఆఁ? చేతులూపుతావేంటి?"

"ఆపమంటున్నాడు! ఆపండి! ఆపండి!"

"ఆపాను తల్లీ, ఆపాను. ఇప్పుడు చెప్పండి. ఏంటి, ఇద్దరూ అలా చూస్తున్నారు?"

"అన్నా... కింద బోల్టు బిగుసుకుపోతే, పెద్ద పానా కోసం వీధి చివరి షెడ్డుకి వెళ్ళాను. పాత ఆయిల్ ఇంకా దించనే లేదు. నీ ఇంజన్ మోత నాకు అక్కడిదాకా వినపడింది."