తోడు వచ్చినవారి మాట

వైకల్య నిర్ధారణ కార్యాలయం, మూడో నంబరు గది. బల్లకి ఇటు డాక్టరమ్మ, కంప్యూటరు. అటు పక్కపక్క కుర్చీల్లో ఒక బస్సు డ్రైవరు, ఆయన భార్య. డాక్టరమ్మకి ఆ రోజు ఇది పదమూడో కేసు. ముందు వచ్చిన పన్నెండుమంది మొహాలు ఆమెకి అప్పుడే గుర్తులేవు.

"మీరు కాదమ్మా, ఆయన చెప్పాలి."

"చెప్పండి. మిమ్మల్నే అడుగుతున్నారు."

"నన్నెందుకు? నువ్వు చెప్పు."

"ఏవండీ, ఇవాళ ఏ వారం అని అడుగుతున్నారు డాక్టరుగారు."

"వినపడిందే. నెమ్మదిగా ఆలోచించుకునే చెప్పు, తొందరేం లేదు. ఏం మేడం, తొందరేం లేదుగా?"

"ఉందండి. ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు. అది దాటితే ఈ ఫారం దానంతటదే మూసుకుంటుంది. మళ్ళీ మీ ఇంటిపేరు దగ్గర్నుంచీ కొట్టుకు రావాలి."

"మా డిపో మేనేజరు కూడా ఇంత కచ్చితం కాదు మేడం."

"వారం, సార్."

"అది సరే గానీ, మీరు కూర్చున్న సీటు బాగా కిందికుంది. అలా మెడ ఎత్తి చూస్తే సాయంత్రానికి నడుం పట్టేస్తుంది. కింద మీట ఉంటుంది చూడండి, కుడిపక్క."

"విరిగిపోయిందండి. పోయినేడు రాసి పంపాం."

"గురువారం డాక్టరుగారూ. ఆయనకి తెలీదండి. పొద్దుట్నుంచి నాలుగుసార్లు చెప్పాను, నాలుగుసార్లూ ఆహా అన్నారు."

"అమ్మా, మీరు చెప్పింది 'తోడు వచ్చినవారి మాట' అన్న గడిలో పడుతుంది. దానికి మార్కుల్లేవు. ఆయన నోటితో చెప్పాలి, లేదా తెలీదు అనాలి. రెండూ కాకపోతే 'సహకరించలేదు' అని నొక్కాలి. ఇంకో బటన్ లేదు నాకు."

"పోయినసారి డాక్టరుగారు అదే నొక్కారండి. నడక మామూలు, మాట స్పష్టం, సహకరించలేదు. పన్నెండు శాతం వేశారు."

"చూశాను."

"నలభై వస్తేగానీ పగటిపూట తోడు మనిషిని ఇవ్వరటగా."

"నలభై. ఇది అప్పీలు కాబట్టి ఇవాళ నేను వేసిందే ఆఖరు. సార్, ఇటు చూడండి. ఆవిడ వైపు కాదు, నా వైపు. తలకి దెబ్బ తగిలి ఎన్నాళ్ళయింది?"

"ఎవరికి?"

"మీకేనండి."

"ఓ, అదా. ఎప్పుడో మానిపోయింది మేడం. వెంట్రుకలు కూడా వచ్చేశాయి. పట్టుకుని చూడండి, చిన్న గీత, అంతే."

"రెండేళ్ళండి. డిపోలో బండి దిగుతుంటే వెనక బండి రివర్సులో వచ్చి కొట్టింది. పదకొండు రోజులు కళ్ళు తెరవలేదు."

"అవునవును, ఆవిడ అప్పుడు బాగా భయపడింది మేడం. అప్పట్నుంచే..."

"అప్పట్నుంచి?"

"ఏం లేదులెండి. తర్వాతది అడగండి."

"ఇప్పుడేం పని చేస్తున్నారు?"

"డ్రైవరునండి. ఇరవై రెండేళ్ళ సర్వీసు. హారన్ కొట్టనని మావాళ్ళు నన్ను మౌనస్వామి అంటారు. ఈ పూట సెలవు పెట్టి వచ్చాను."

"సెలవేంటండీ. రెండేళ్ళయింది మీరు బండెక్కి."

"సరే సరే. అలాగే. రెండేళ్ళు."

"సార్, ఏది రాయమంటారు? డ్యూటీ చేస్తున్నారా, లేదా?"

"ఆవిడ ఏది చెప్తే అది రాయండి మేడం. దాన్ని పట్టుకుని ఇప్పుడు వాదనెందుకు?"

"చూశారుగా డాక్టరుగారూ. ఇలాగే. అన్నిటికీ సరే అంటారు. ఎవరైనా చూస్తే ఎంత మంచిగా మాట్లాడుతున్నాడో అనుకుంటారు. మా తమ్ముడు కూడా అదే అంటాడు, బావకేమైందే, నాకన్నా బాగున్నాడు అని."

"అమ్మా, ఒక్క నిమిషం. సార్, మీరు ఇంట్లో స్టౌ వెలిగిస్తారా?"

"వెలిగిస్తాను."

"ఆపుతారా?"

"చెప్పవే. స్టౌ ఆపుతున్నామా లేదా, అడుగుతున్నారు."

"ఆపరండి. రెండుసార్లు గిన్నె మాడి గోడదాకా పొగ పట్టింది. ఇప్పుడు సిలిండరు మంచం కింద దాచాను."

"అదుగో, అది గుర్తుంది. బాగా చెప్పావు."

"సార్, మీరు నవ్వుతున్నారు. ఇది నవ్వే ప్రశ్న కాదు."

"నవ్వడంలేదు మేడం. ధైర్యం చెప్తున్నా."

"ఇందాక మొదట్లో మూడు మాటలు చెప్పాను. గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అడుగుతానన్నాను. ఏంటవి?"

"చెప్పవే, అడుగుతున్నారు."

"సార్?"

"మూడు మాటలు. చెప్పు, ఏంటవి? ఇందాక మేడం చెప్పారు కదా, వినలేదా నువ్వు?"

"అమ్మా, మీ పెదాలు కదులుతున్నాయి."

"లేదండి."

"పెదాలతోనే గొడుగు అని అందించారు. ఇంటిదగ్గర నేర్పించి తీసుకొచ్చారు అని టిక్కు పెట్టే గడి కూడా ఉందమ్మా దీంట్లో. నాచేత పెట్టించకండి."

"నేర్పలేదండి. నేర్పితే ఉంటుందా ఆయనకి? ఉంటే ఇక్కడికెందుకు వస్తాను? తెలీదు అనండి అని మాత్రం చెప్పాను. వారం నుంచి ఆ ఒక్కమాటే చెప్తున్నాను. తెలీకపోతే తెలీదు అనండి, సిగ్గుపడకండి అని. అదీ ఉండలేదు."

"మేడం, ఆవిణ్ణి అలా కంగారు పెట్టకండి. కంగారు పడితే వచ్చింది కూడా పోతుంది."

"మీరు పనికెళ్తారా అమ్మా?"

"వెళ్తానండి. ప్యాకింగు షెడ్డు. ఎనిమిదింటి నుంచి అయిదింటిదాకా."

"అప్పుడు ఈయన దగ్గర ఎవరుంటారు?"

"ఉంటారండి."

"ఎవరు?"

"పక్కింటివాళ్ళు... చూస్తూ ఉంటారు. మధ్యమధ్యలో."

"లోపలికొచ్చి చూస్తారా?"

"కిటికీలోంచి చూస్తారు."

"కిటికీలోంచి ఎందుకు?"

"వాళ్ళకీ పనులుంటాయి కదండీ. మీరు ఇంకో ప్రశ్న అడగండి డాక్టరుగారూ, టైమైపోతోంది."

"ఏడు నిమిషాలుంది. అమ్మా, మీరు కాస్త బయట కూర్చోండి."

"నేనా? వద్దండి. నేను లేకపోతే ఆయన అన్నీ బాగున్నాయి అంటారు. పోయినసారి అదే జరిగింది."

"మీరుంటే ఏదీ అనడంలేదు. ఒకసారి చూద్దాం."

"ఏవండీ, నా వైపు చూడండి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. దాచకండి. దాస్తే మనకే నష్టం. అర్థమైందా?"

"అర్థమైందిలే. నువ్వెళ్ళి కాసిని మంచినీళ్ళు తాగు. కుడిచేతి పక్కకి తిరిగితే కుళాయి ఉంది, వచ్చేటప్పుడు చూశాం. కుడిచేతి పక్కకి. మళ్ళీ ఎటో వెళ్ళిపోకు."

"తలుపు వేసెయ్యండమ్మా... ఆ. సార్, ఇప్పుడు మనిద్దరమే. ఇక్కడికి దేనికొచ్చారో తెలుసా మీకు?"

"తెలుసు మేడం."

"చెప్పండి మరి."

"ఆవిడ ముందు చెప్పలేకపోయాను. ఏమీ అనుకోకండి, ఇంతసేపూ మిమ్మల్ని తిప్పించాను. ఆవిడ అభిమానం గల మనిషి."

"ఫరవాలేదు. నిదానంగా చెప్పండి. టైం సంగతి నేను చూసుకుంటాను."

"ఆవిడకి మతి తప్పుతోంది మేడం."

"...ఎవరికి?"

"మా ఆవిడకి. బయటికి ఏమీ తెలీదు. మాట చక్కగా ఉంటుంది. కానీ పొద్దున లేస్తూనే ఇవాళ ఏ వారం అని నన్నే అడుగుతుంది. చెప్తాను. మళ్ళీ కాసేపటికి అదే ప్రశ్న. నా పేరు చెప్పమంటుంది, మన వీధి పేరు చెప్పమంటుంది. పెళ్ళయి ఇన్నేళ్ళయింది, మొగుడి పేరు మర్చిపోవడం ఏంటి మేడం? అయినా విసుక్కోను. అడిగినప్పుడల్లా చెప్తాను."

"అంటే ఇవాళ పరీక్ష..."

"ఆవిడకే. నేను తోడొచ్చాను. మీరేమో నన్ను అడుగుతున్నారు. నేను చెప్పేస్తే ఆవిడకి మార్కులు ఎలా వస్తాయి? అందుకే ప్రతిదీ ఆవిడ వైపు తోశాను. తెలిసినవి చెప్పింది, చూశారుగా. వారం చెప్పింది. స్టౌ సంగతి చెప్పింది. మూడు మాటలే రాలేదు. ఇంకో అవకాశం ఇవ్వండి."

"సార్, ఆ మూడు మాటలు మీకు గుర్తున్నాయా?"

"నాకెందుకు మేడం? నేను వినలేదు, అవి ఆవిడకి కదా చెప్పారు. ఇంటినిండా చీటీలు అంటించుకుంది పాపం. తలుపు మీద, అద్దం మీద, బాత్రూంలో కుళాయి మీద. కుళాయి కట్టు. చెప్పులు వేసుకో. నీకు ఉద్యోగం లేదు, బయటికెళ్ళకు. అన్నీ ఆవిడ చేతిరాతే. అవి చదువుతుంటే నాకు గుండె తరుక్కుపోతుంది."

"ఊఁ."

"ఏంటి మేడం, టైపు కొడుతున్నారు? కాస్త చూసి రాయండి."

"చూసే రాస్తున్నానండి. 'సహకరించలేదు' అన్నది తీసేస్తున్నాను. మీరు చెప్పిందంతా మీ మాటల్లోనే ఎక్కిస్తున్నాను. నలభై దాటింది సార్. పగటిపూట తోడు మనిషి తప్పనిసరి అని రాస్తున్నాను."

"బతికించారు. మనిషి వస్తారు కదా? కాగితం మీదే కాదు కదా?"

"ఒకటో తారీఖు నుంచి వస్తారు. రోజూ ఎనిమిదింటికి."

"సరిగ్గా అప్పుడే కావాలి మేడం. వచ్చే మనిషికి ఒక్క సంగతి గట్టిగా చెప్పండి. ఆవిడ రోజూ నన్ను ఇంట్లో పెట్టి, బయట తాళం వేసుకుని వెళ్ళిపోతుంది. లోపల నేనున్నానన్న సంగతే గుర్తుండదు. తలుపు కొట్టీ కొట్టీ కూర్చుంటాను, సాయంత్రం ఎప్పుడో వచ్చి తీస్తుంది. అప్పుడు గుర్తొచ్చి ఏడుస్తుంది మేడం, అందుకని నేనేమీ అనను."