లేని అమ్మవారికి కట్టిన వేపమండలు

నేను ప్రసూనాంబను. ఇరవై తొమ్మిదేళ్లు. నగరిలో నా భర్త మురుగేష్, నేను రెండు మరమగ్గాలు నడుపుకుంటున్నాం. స్టేషనులో ఎస్సై గారు అడగగా చెబుతున్నాను. ఎదురింటి దామోదరం మామ నా మీద పెట్టిన ఫిర్యాదులో రెండు మాటలున్నాయి. అమ్మవారి పేరు చెప్పి వీధినంతా మోసం చేశానని ఒకటి. ఆయన్ని చీపురుతో కొట్టానని ఇంకొకటి. రెండూ నిజమే. కొట్టలేదని చెప్పమని మా ఆయన పొద్దున్నుంచి పోరుతున్నాడు. ఎందుకు చెప్పాలి? కొట్టాను.

నా మొదటి కొడుకు ఐదో నెలలో జలుబుతో పోయాడు. అదే జలుబు వీధిలో అందరికీ వచ్చింది. అందరూ ముక్కు తుడుచుకుని పనికి పోయారు. వాడొక్కడే పోయాడు. రెండో కొడుకు హేమచంద్రకు నోట్లో పూత ఎంతకీ మానకపోతే చెన్నై ఆసుపత్రికి తీసుకెళ్లాం. జబ్బులతో పోరాడే కణాలు వీడి ఒంట్లో పుట్టుకతోనే లేవని, అక్క ఎముకల్లోని మూలుగ సరిపోతే బతికే దారి ఉందని అక్కడి డాక్టరమ్మ చెప్పింది.

మా ఆరేళ్ల కూతురు భవిత మూలుగ సరిపోయింది. నడుము ఎముకలోంచి తీసి, సంచిలో పోసి, రక్తం ఎక్కించినట్టే తమ్ముడి నరంలోకి ఎక్కించారు. అంతే సార్. వాడికి కోత లేదు, కుట్టు లేదు. నరంలో పోసింది ఎముకలోకి ఎట్లా పోతుందని అడిగాను. "దారి ఆ కణాలకే తెలుసమ్మా" అంది డాక్టరమ్మ. ఇంటికి పంపేటప్పుడు, ఆ కణాలు కుదురుకోవడానికి ఏడాది పైనే పట్టొచ్చని, అందాకా బయటివాళ్లను రానివ్వొద్దని గట్టిగా చెప్పింది.

మా వీధిలో ఎవరు వింటారు? వచ్చి బుగ్గలు పుణుకుతారు, ముద్దులు పెడతారు. మాస్కు పెట్టుకోమంటే "మాకేం రోగాలుండాయా?" అని మూతి తిప్పుకున్నారు. అందుకని గుమ్మానికి వేపమండలు కట్టి, ఇంట్లో అమ్మవారు పోసిందని చెప్పాను. మర్నాటి నుంచి ఒక్కరూ గడప తొక్కలేదు. డాక్టరు మాటకు ఆగనివాళ్లు వేపాకుకు ఆగారు. మండలు వాడినప్పుడల్లా కొత్తవి కట్టాను. బిడ్డకు తగ్గితే భవితకని, భవితకు తగ్గితే మా ఆయనకని చెప్పుకొచ్చాను.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం భవిత దామోదరం మామతో, "మా ఇంట్లో అమ్మోరు లేదు తాతా, మాయమ్మ ఉత్తినే కట్టింది" అనేసింది. ఆయన చంకలో మనవరాలితోనే వచ్చి మండలు పీకి పారేశాడు. "ఏమ్మే, అమ్మోరితో ఆటలాడతావా? యాడుండాది, సూపించు!" అంటూ లోపలికొచ్చి, మనవరాలిని ఊయల పక్కన దించి నా బిడ్డను ఎత్తుకున్నాడు. "దించు మామా, సచ్చిపోతాడు!" అని అరిచాను. దించలేదు. చీపురు చేతికందింది. మర్నాడు ఆయన మనవరాలి ఒళ్లంతా పొక్కులు లేచాయి. ఈసారి నిజమైన అమ్మవారు.

విన్న గంటలోపే చెన్నైకి బయలుదేరాం. మందు మొదలుపెట్టారు. అయినా రెండు వారాలకు వాడి పొట్ట మీద పొక్కులు వచ్చాయి. వీడూ పోతాడనుకున్నాను. రోజూ చొక్కా ఎత్తి చూసేదాన్ని. కొత్తవి రాలేదు. ఉన్నవి నల్లబడ్డాయి, ఎండాయి, రాలిపోయాయి. రక్తం పరీక్ష చేసి డాక్టరమ్మ నన్ను పిలిచింది. "మందు సాయపడిందమ్మా. కానీ పని చేసింది వీడి ఒళ్లే. అక్క ఇచ్చిన మూలుగలోంచి పుట్టిన కణాలు ఈ జబ్బును గుర్తుపట్టాయి. ఇక మరిచిపోవు" అంది. నా అరచేతంత పొట్ట సార్ అది. లోపల అంత యుద్ధం జరిగితే, వాడు కూర్చుని బిస్కెట్టు చప్పరిస్తున్నాడు. చూస్తూ అట్లాగే నిలబడిపోయాను.

దామోదరం మామ మీద నేను ఎదురు కేసు పెట్టను. కొట్టినందుకు శిక్ష వేస్తే పడతాను. అమ్మవారి సంగతి మాత్రం మీకు జవాబు చెప్పేది కాదు. అబద్ధమాడి పిలిచాను. ఆమె నిజంగానే వచ్చింది, నా కొడుకును ముట్టుకుంది, వదిలేసి వెళ్లిపోయింది.

పైన రాసినదంతా నా నోటి మాటే, నిజమే. రైటరు చదివి వినిపించగా విని, ఒప్పుకుని సంతకం పెడుతున్నాను.

(సం.) ఎం. ప్రసూనాంబ