ముత్యాలరాజు నంబరు

పరుగు పందెం జరిగిన విశాఖలోనే ఆ ఆసుపత్రి. మెట్ల మీద అమలాపురం రన్నింగ్ క్లబ్ సెక్రటరీకి, చేతిలో ఫోనుతో ఓ సభ్యుడు ఎదురొచ్చాడు.

"ముత్యాలరాజు పోయేడండి, సెక్రటరీగారూ. గుండె ఆగిపోయిందట."

"అయ్యో! మరి ఆసుపత్రి కాగితాల్లో మీ పేరుందేంటండీ?"

"ఆయన చొక్కాకున్నది నా నంబరండి. నాకు మోకాలు పట్టేసింది. ఆయనేమో పందేనికి పేరివ్వలేదు, పరిగెడతానని సరదా పడ్డాడు. నేనే పిన్నీసులు పెట్టేను."

"నంబర్లు మార్చుకోవద్దని బస్సులో మొత్తుకున్నానండి!"

"ఆయ్. అందరం నవ్వేం."

"ఆ నంబరు వెనకాల ఇంటి ఫోను రాస్తారు కదండీ. అదీ మీదేనా?"

"మాదేనండి. నేను పోయానని మా ఆవిడకి చెప్పేసేరు. ఇప్పుడు నా గొంతు విని బావురుమంది."

"పోన్లెండి, ఆవిడ ప్రాణం కుదుటపడింది."

"పొద్దుట్నుంచీ ఆవిణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని ఓదార్చింది ఎవరనుకున్నారు? రేవతిగారండి."

"ముత్యాలరాజు భార్యా?"

"ఆయ్. నేను బతికున్నందుకు దేవుడికి దండం పెట్టుకుని, మా ఆవిడ చేతిలో ఫోను తీసుకుని, 'మా ఆయన ఫోనెత్తట్లేదు, ఓసారి ఇవ్వండి అన్నయ్యగారూ' అన్నారు."

"మీరేమన్నారు?"

"పిలుస్తాను, ఉండమన్నానండి. మ్యూట్‌లో పెట్టేను. ఇంకా లైన్లోనే ఉన్నారు."