ఆవిడ పేరున మూడు వాయిదాలు

సంజాయిషీ రాయమని ఇంత చిన్న గడి ఇస్తే ఎలాగమ్మా? ఇందులో నా ఇంటిపేరే ఇమిడేట్టు లేదు! యాభై ఏళ్ల కాపురానికి సంజాయిషీ అడిగినా మీ ఆఫీసులో ఇంతే జాగా ఇస్తారా?

నవ్వండి, పరవాలేదు. పొద్దున్నుంచి మూడు కిటికీలు తిప్పారు నన్ను. నవ్విన మొహం మీదే మొదటిది.

నోటీసులో ఉన్నది నిజమే. మా ఆవిడ పోయిన ఏడు తొలకరి పడేలోపే పోయింది. ముందస్తు పన్ను మొదటి వాయిదా తనే కట్టి వెళ్లింది. ఆ తర్వాత మూడు వాయిదాలు కూడా ఆవిడ పేరునే పడ్డాయి. పోయిన మనిషి పన్నెలా కట్టిందనేగా మీ అనుమానం? బతికున్నవాళ్లే ఎగ్గొడుతున్న రోజుల్లో... ఆఁ, సరే సరే, విషయానికే వస్తున్నాను.

ఆవిడ ప్రూఫులు దిద్దేదమ్మా. ఉద్యోగం కాదు, కాంట్రాక్టు. పాఠ్యపుస్తకాలు వేసే అచ్చాఫీసు నుంచి కట్టలొచ్చేవి. వంటింటి బల్ల మీద పెట్టుకుని ఎర్ర కలంతో దిద్ది పంపేది. జీతగాళ్లకైతే పన్ను జీతంలోనే కోస్తారు. ఈవిడకెవరు కోస్తారు? ఏడాదికి ఎంతొస్తుందో తనే అంచనా వేసుకుని నాలుగుసార్లు కట్టాలి.

నేను మట్టి పరీక్షలు చేసే లాబులో పనిచేశాను. మట్టి చూస్తే ఎన్ని అంతస్తులు మోస్తుందో చెప్పేవాణ్ణి. రాబోయే ఏడాది సంగతి మాత్రం ఎవడు చెప్పగలడు? ఆవిడ చెప్పేది! వేళ్లు మడిచి, “ఐదు పుస్తకాలొస్తాయి. ఆరని వేద్దాం” అనేది.

“రాని పుస్తకానికి పన్నెందుకే?” అంటే, “ఆరోది వస్తుందనుకుంటేనే కదండీ చేతికి హుషారు” అనేది.

ఆవిడ పోయిన మూడో వారం కట్టొచ్చింది. ఏడో తరగతి సైన్సు. తిప్పి పంపేద్దామనే అనుకున్నాను. ఊరికే తిరగేస్తే మట్టి పాఠం కనబడింది. రెండు తప్పులు ఠక్కున దొరికాయి. “ఇదిగో, ఇటు రా!” అని కేకేశాను కూడా.

ఎవరొస్తారు?

కూర్చుని మిగతాది నేనే దిద్దాను. కింద ఆవిడ సంతకం నేనే చేశాను. అదమ్మా జరిగింది. తర్వాత మరో నాలుగు కట్టలొచ్చాయి. డబ్బు ఇద్దరి పేరునా ఉన్న ఖాతాలో పడింది. పన్నుకు తప్ప పైసా ముట్టలేదు.

ఎందుకు చేశారంటే ఏం చెప్పను? రెండో వాయిదాకి అంచనా సరిచూడాలి కదా. ‘ఈ ఏడాది రాబడి’ అన్నచోట ఇక పుస్తకాల్లేవని రాయాలి. గంటసేపు కూర్చున్నాను. చెయ్యి రాలేదు. ఆరు పుస్తకాలనే వేశాను.

దొంగ సంతకమే. కాదనను. జరిమానా ఎంత వేస్తారో వేయండి. దాని గురించి కాదు నా దిగులు.

పోయిన నెల అచ్చాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది, ఆవిడ పేరున. ‘ముప్ఫై ఏళ్లుగా మీరు దిద్దిన పుస్తకం మళ్లీ చూసుకోవలసిన అవసరం రాలేదు. ఈ ఏడాది నలభై మూడు తప్పులు దొర్లాయి. ఇకపై పని పంపలేము’ అని.

నలభై మూడు! అన్నీ నావేనమ్మా. కళ్లజోడు మార్పించుకోమని ఆవిడ పోరుతూనే ఉండేది. మార్పించుకోలేదు. ముప్ఫై ఏళ్ల పేరు ఐదు పుస్తకాల్లో మంటగలిపాను.

ఏదీ, ఆ కాగితం ఇటివ్వండి. ఈ గడి చాలులెండి. ‘తప్పులు ఆవిడవి కావు, నావి.’ ఇదిగో సంతకం, ఈసారి నాదే.

ముద్ర వేసి నాకో నకలు ఇప్పించండి. అచ్చాఫీసుకి పంపాలి. ఆవిడ పోయిందని వాళ్లకింకా చెప్పలేదు.