తువ్వాల కింద ధర

నరసరావుపేట పత్తి బజారులో కొనే షావుకారూ దళారీ తువ్వాల కింద వేళ్లు నొక్కుకుని ధర తేల్చుకునేవారు. సరుకు తెచ్చినవాళ్లకు ఆ ధర దళారి నోటే తెలియాలి. 1946 వేసవిలో, బోరేల్లో, అంటే పెద్ద గోనె సంచుల్లో, బండెడు పత్తి తెచ్చిన ఒక రైతు ఇల్లాలు తన దళారిని అడిగింది.

“షావుకారు ఎంత నొక్కాడు బాబాయ్?”

“బోరేనికి ముప్పై రూపాయలు. చెప్పాగా! ఏందే, కొత్తగా అడుగుతున్నావ్?”

“మా ఊరికి సేవాసంఘం వాళ్లొచ్చి ఆడోళ్లకు లెక్కలు నేర్పుతున్నారులే.”

“ఊరికేనా?”

“మజ్జిగ కూడా పుచ్చుకోరు.”

“అదే నా అనుమానం. లాభం లేకుండా ఎవడన్నా ఎండలో తిరుగుతాడా? రేపు మీ పొలాలు రాయించుకుంటారు, చూస్కో.”

“నేనూ అట్టాగే అనుకున్నా. మీకేం కావాలయ్యా అని మొహానే అడిగా.”

“ఏమన్నారు?”

“బజారులో కూడా ఇట్టాగే అడుగుతున్నావా అమ్మా, అన్నారు.”

“అంటే నన్ను అనుమానిస్తున్నావా?”

“షావుకార్ని మళ్లీ పిలువు బాబాయ్. ఈసారి తువ్వాల కింద నా చెయ్యి పెడతా. ఏ వేలికి ఎంతో నేర్చుకున్నా.”

“ఆడదానివి, పరాయి మగాడి చెయ్యి పట్టుకుంటావా? బజారంతా నవ్వుద్ది!”

“అయితే తువ్వాల తీసేసి నోటితో చెప్పమను.”

“ఉండవే, అరవమాక. ముప్పై రెండు అన్నాడేమో, గుర్తు చేసుకోనీ.”