వెనక్కొచ్చిన నాలుగు బుడగలు

రాయ్‌పూర్ రైల్వే యార్డులో ముప్ఫయ్యేళ్లు కదిలే వ్యాగన్ల నంబర్లు రాసిన పెద్దాయన, గుండె స్కానింగు బల్ల మీద పడుకుని తెరవైపు తల తిప్పాడు.

“బాబాయ్ గారూ, సూదితో ఎక్కించిన గాలిబుడగలు మీ రక్తంతోపాటు పరిగెడుతున్నాయి, చూడండి,” అంది స్కానింగు చేస్తున్న అమ్మాయి.

“పోయినసారి తెల్లటి చారే కనబడిందమ్మా, ఆగకుండా పోయే గూడ్సుబండి, మాల్‌గాడీలాగ.”

“ఈ కొత్త మిషను సెకనుకి వేల బొమ్మలు తీస్తుంది. నెమ్మదిగా వేస్తాను.”

“అరే! డబ్బా డబ్బా విడిగా కనబడతంది! ఇదంతా నా లోపలేనా?”

“మీ గుండే.”

“ఆగమ్మా. అన్నీ ముందుకెల్తంటే, నాలుగు మాత్రం తలుపు సందులోంచి ఎనక్కొచ్చేసినాయి.”

ఆమె మళ్లీ వేసి లెక్కపెట్టింది. నాలుగే.

“వాల్వు సరిగ్గా మూసుకోవట్లేదు. రెండేళ్ల మీ ఆయాసం ఇందుకేనేమో! డాక్టరుగారిని పిలుస్తాను.”

“ముందు ఇంకోసారి నడిపించమ్మా.”

“ఆ నాలుగింటినా?”

“కాదమ్మా. ఇన్నేళ్లూ సరిగ్గా నడుస్తన్నవాటిని.”