నుదుటి మచ్చ

సమాధుల పండుగ ముందర, ఖమ్మంలో సమాధులకు పెట్టే నల్లరాళ్ల మీద లేజరుతో బొమ్మలు చెక్కే షాపుకు, చనిపోయిన భర్త రాయి కోసం ఇల్లందు నుంచి ఒకామె వచ్చింది.

“అక్కా, మీ ఆయన మొహం చూడు. లేజరు కిరణం నడుమ ఎక్కువ మండుతది, అంచుల్ల తక్కువ. ఇదివరకు కండ్లకాడ రాయి కాలిపోయేది. ఇప్పుడు మిషనుకు కొత్త అద్దం పెట్టినం, వేడి అంతట ఒక్కతీరు పడుతది.”

“మంచిగనే ఉన్నడు తమ్మీ. నుదుటి మీద మచ్చ ఏది?”

“ఫోటోల మరక అనుకొని తీసేసిన.”

“మరక కాదు. బొగ్గుబాయిల కప్పు కూలి తాకిన దెబ్బ.”

“ఈ అద్దంతోని అంత లోతు రాదక్కా.”

“అయితే అద్దం తీసెయ్. ఆ ఒక్క జాగల కాలనియ్యి.”

“గుంత పడుతది. మొహం ఖరాబైతది.”

“కానియ్యి. ఆ దెబ్బతోని నడుసుకుంట ఇంటికొచ్చిండు. మళ్ల కప్పు కూలినప్పుడు పెట్టె వచ్చింది. మూత తియ్యనియ్యలే.”